పెరడు, తోపు, చెరువు, అడవి: కొమరోలు పరిసరాల్లో ఆహార వనాల చరిత్ర

ఉపోద్ఘాతం

‘పర్మాకల్చర్’ అనే మాట తెలుగు నేలకు వచ్చి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. దీనిని కొందరు ‘శాశ్వత వ్యవసాయం’ అన్నారు. దానితోపాటు వచ్చిన మరో భావనను ‘ఆహార వనం’, ‘ఆహారపు అడవి’ అని వ్యవహరిస్తున్నారు. ఎత్తైన చెట్లు, వాటి నీడలో పండ్ల చెట్లు, పొదలు, తీగలు, ఆకుకూరలు, దుంపలు ఒకే చోట అంతస్తులుగా పెరిగి, ఏడాది పొడవునా ఒక ఇంటికో ఊరికో తిండిని అందించే ఏర్పాటు ఇది. ఈ భావన గురించి తెలుగులో రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నాయి. ఇది పూర్తిగా విదేశాల నుండి వచ్చిన కొత్త శాస్త్రమన్నది మొదటిది. పూర్వీకులకు ఇదంతా ముందే తెలుసునన్నది రెండవది. రెండూ చరిత్రను పరిశీలించకుండా చేసిన నిర్ణయాలే.

ఉమ్మడి ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలోని కొమరోలు, గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాన్ని ఆధారంగా తీసుకొని ఈ రెండు అభిప్రాయాలను పరీక్షించడం ఈ వ్యాసం ఉద్దేశం. శాసనాలు, కావ్యాలు, నిఘంటువులు, గ్రామనామాలు, పరిపాలన చరిత్ర ఇందుకు ఆకరాలు. సాహిత్యాన్ని సాంఘిక చరిత్రకు ఆధారంగా స్వీకరించే పద్ధతికి సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) తెలుగులో బాట వేసింది. అదే బాటలో తిండినిచ్చే చెట్ల చరిత్రను కూడా చదవవచ్చు. అయితే ఏ చెట్లు పెరిగాయన్న ప్రశ్నతో ఈ చరిత్ర పూర్తికాదు. ఆ చెట్టు కింద రాలిన పండు ఎవరిది, దానికి పారిన నీరు ఎవరిది అన్న ప్రశ్నలను కూడా కలుపుకున్నప్పుడే దాని స్వరూపం తెలుస్తుంది.

ప్రాంత స్వరూపం

కొమరోలు పడమట నల్లమల, తూర్పున వెలికొండల నడుమ ఉన్న సగిలేరు లోయలోని ఊరు. గిద్దలూరు ప్రాంతంలో పుట్టిన సగిలేరు దక్షిణంగా పారి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. దీనికి ఉత్తరాన నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం మీదుగా తూర్పుకు మళ్లి బంగాళాఖాతాన్ని చేరుతుంది. రెండు కొండల వరుసల మధ్య ఉండడం వల్ల నైరుతి, ఈశాన్య ఋతుపవనాలు రెండూ ఇక్కడికి అరకొరగానే అందుతాయి. కోనసీమలో కొబ్బరి కింద అరటి, అరటి కింద కంద పెరిగినట్లు ఇక్కడ వాటంతట అవే పెరగవు. ఈ నేలలో చెట్టును పెంచడమంటే ముందుగా నీటిని నిలపడమే.

ఈ ప్రాంతపు పరిపాలన చరిత్ర కూడా గమనించదగినది. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో కంభం సీమ ఒక భాగం. మొదట కడప జిల్లాలో ఉండి, 1858లో కర్నూలు జిల్లాలోకి మారింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు అందులో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పేరు వచ్చింది. జిల్లా కేంద్రం కోస్తాకు మారినా నేల తీరు, పంటల తీరు, మాట తీరు రాయలసీమకు దగ్గరగానే నిలిచాయి. అందువల్ల ఈ ప్రాంత చరిత్రకు కావలసిన ఆధారాలను కడప, కర్నూలు జిల్లాల రికార్డులలో కూడా వెతకవలసి ఉంటుంది.

గ్రామనామాలు తొలి ఆధారాన్నిస్తాయి. కొమరోలు మండలంలో తాటిచెర్ల, కంభం వద్ద రావిపాడు, మార్కాపురం వద్ద వేములకోట ఉన్నాయి. తాడి, రావి, వేము అన్న చెట్ల పేర్లు ఊళ్లకు గుర్తులయ్యాయి. వీటిలో ‘తాటిచెర్ల’ అన్న పేరు ప్రత్యేకంగా గమనార్హం. అందులో చెట్టు, చెరువు ఒకే సమాసంలో ఒదిగి ఉన్నాయి. మెట్ట ప్రాంతంలో ఊరి ఉనికికి ఈ రెండూ ఆధారాలన్న గుర్తింపు ఆ పేరులోనే ఉంది.

సప్తసంతానాలలో వనం

తెలుగు శాసన, కావ్య సంప్రదాయంలో సప్తసంతానాలు సుప్రసిద్ధాలు. పుత్రుడు, తటాకం, దేవాలయం, అగ్రహారం, నిధి, వనం, కృతి అనే ఏడింటిని మనిషి తరువాత అతని పేరును నిలిపేవిగా భావించారు. ఈ జాబితాలో వనం ఉండడం వల్ల చెట్లు నాటడం పుణ్యకార్యమైంది. బాటసారికి నీడ, ఊరికి పండు, దేవుడికి పువ్వు, దాతకు కీర్తి అన్నవి ఒకే కార్యంలో కలిశాయి. మధ్యయుగ శాసనాల్లో ‘తోంట’ అన్న రూపంలో తోటను నీరునేల, వెలిపొలాల నుండి వేరుచేసి పేర్కొనడం, దానిని ఒక ప్రత్యేక భూవర్గంగా చూసినట్లు తెలుపుతుంది.

ఈ సందర్భంలో ‘మనుచరిత్ర’ అవతారికలోని ఒక భావాన్ని పరిశీలించాలి. శ్రీకృష్ణదేవరాయలు పెద్దనను కృతి కోరుతూ, సప్తసంతానాలలో ఖిలం కాకుండా నిలిచేది కృతి ఒక్కటేనన్న భావాన్ని వ్యక్తం చేస్తాడు. ఈ మాటను సాధారణంగా కవిత్వ ప్రశంసగానే వ్యాఖ్యానిస్తారు. కాని ‘ఖిలం’ అన్న సంస్కృత పదానికి శిథిలమైనదన్న అర్థంతోపాటు దున్నక వదిలిన బీడు అన్న అర్థం కూడా ఉంది. చెరువు పూడిపోతుంది, వనం బీడవుతుంది అన్న అనుభవం ఆ కాలపు పాలకులకూ కవులకూ ఉందని ఈ మాట పరోక్షంగా చెబుతుంది. నాటడం ఒక్కరోజు పని, నిలపడం తరాల పని. నాటినవాడి పేరు శాసనంలో ఉంటుంది. నీరు పోసినవారి పేరు ఉండదు.

కొమరోలుకు దక్షిణాన, సగిలేరు పరీవాహకంలోనే ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. శక సంవత్సరం 1291లో, అంటే క్రీ.శ. 1369లో, బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరం అనే ఈ చెరువును నిర్మించాడు. చెరువు నిర్మాణానికి కావలసిన పన్నెండు అంగాలను, తప్పించవలసిన ఆరు దోషాలను ఈ శాసనం పేర్కొంటుంది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తీయని నీటి నది, దగ్గరలో రాతి గని, సారవంతమైన ఆయకట్టు, పనితనం గల కూలీలు ఈ అంగాలలో కొన్ని. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్లు కూడా అందులో ఉంది. నేల, నీరు, రాయి, మనిషి ఒకదానికొకటి అమరితేనే చెరువు నిలుస్తుందన్న ఈ సమగ్ర దృష్టి నేటి శాశ్వత వ్యవసాయ రూపకల్పనకు చాలా దగ్గరగా ఉంది. అయితే ఆ వెయ్యిమంది శాసనంలో ఒక సంఖ్యగానే మిగిలిపోయారు.

గుండ్లకమ్మ మీద రెండు కొండల నడుమ కట్టిన కంభం చెరువును గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల దేవి అయిన వరదరాజమ్మ కట్టించినట్లు సంప్రదాయం చెబుతుంది. పోరుమామిళ్ల, కంభం చెరువులను 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాలుగా గుర్తించింది. చెరువు కట్ట దిగువన ఊట నిలిచే నేలలోనే మామిడి, కొబ్బరి, అరటి తోటలు సాధ్యం. మెట్టసీమలో వనం తటాకానికి అనుబంధం. సప్తసంతానాలలో ఇవి రెండు వేరు పద్దులు కావచ్చు గాని, ఈ ప్రాంతపు నేల మీద అవి ఒకే పద్దు.

చెరువును నిలిపే బాధ్యతకు సీమ జిల్లాల్లో ‘దశబంధం’ అనే ఏర్పాటు ఉండేది. చెరువునో బావినో కట్టించి, దాని మరమ్మతు బాధ్యతను వహించినవారికి భూమిని మాన్యంగా ఇవ్వడం దీని స్వరూపం. పూడిక తీసి, గండి పూడ్చి, తూము కాచినంత కాలమే ఆ మాన్యం చెల్లుతుంది. ఖిలం కాకుండా నిలిపే పనికి ఒక హక్కును ముడివేయడం ఇందులోని విశేషం. పుణ్యం ఒక్కటే చెరువును నిలపలేదని ఆ సమాజానికి తెలుసు.

పెరడు: పద స్వరూపం, గృహ వ్యవస్థ

పెరడు ఇంటి వెనుక స్థలం. దానికి అనుబంధంగా దొడ్డి పశువులది, దిబ్బ ఎరువుది, వామి గడ్డిది. వంటింటి నీరు, స్నానపు నీరు జలదారి గుండా పెరటికే చేరేది. జలదారి చివర అరటి, బొప్పాయి, కరివేపాకు, ఆ పక్కన మునగ, నిమ్మ, దానిమ్మ ఉండేవి. పందిరి మీదికి సొర, బీర, చిక్కుడు, కాకర ఎక్కేవి. కంచెకు గోరింట, గచ్చ, కలబంద ఉండేవి. విత్తకుండానే మొలిచే గలిజేరు, పొన్నగంటి, చెంచలి, గంగపాయల కూరకు వచ్చేవి. పొయ్యి బూడిద తీగల మీద పడేది, కుడితి పశువుకు పోయేది, పేడ దిబ్బకు చేరేది. ఒక పని మిగులు మరొక పనికి మొదలు కావడం ఈ వ్యవస్థ సూత్రం. దీనిని ఎవరూ శాస్త్రంగా రాయలేదు. కాని జలదారి, దిబ్బ, కుడితి, పందిరి, పాదు అన్న పదజాలంలోనే ఆ శాస్త్రం నిక్షిప్తమై ఉంది.

ప్రబంధాల్లో ఈ గృహ వ్యవస్థ ప్రతిఫలించింది. ‘ఆముక్తమాల్యద’ ప్రథమాశ్వాసంలో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనం ఋతువును బట్టి మారుతుంది. వానకాలపు తిండి వేరు, వేసవి తిండి వేరు. పచ్చిగా దొరికే కాలంలో ఎండబెట్టి, వరుగులు, వడియాలుగా దాచి, దొరకని కాలంలో వండడం ఆ వర్ణనలకు నేపథ్యం. ఆహార వనానికి చెట్టు ఒక సగమైతే, దాచే విద్య మరో సగం. 18వ శతాబ్దపు అయ్యలరాజు నారాయణామాత్యుని ‘హంసవింశతి’ పంటల పేర్లను, వృత్తుల పేర్లను, వస్తువుల పేర్లను పట్టికలుగా ఇచ్చే కావ్యం కావడం వల్ల, ఏ పేర్లు నేడు వాడుకలో లేవో పోల్చుకోవడానికి గట్టి ఆకరమవుతుంది. పంట పేరు పోవడమంటే చాలాసార్లు పంట పోవడమే.

అయితే పెరడు అందరికీ ఉండేది కాదు. పెరడుకు ఇంటిస్థలం కావాలి, నీటి వసతి కావాలి, పశువు కావాలి. ఊరి బావి నుండి నీరు తోడుకునే హక్కే లేని వాడలలో, ఒక గది గుడిసె చుట్టూ జానెడు చోటు లేని కుటుంబాలలో ఈ గృహవ్యవస్థ పూర్తి రూపంలో ఉండే అవకాశం లేదు. వారి ఆకుకూర చేలగట్ల మీదిది, వారి పండు తోపులోనిది, వారి పుల్ల బంచరాయిలోది. కాబట్టి పెరడు లేనివారికి ఊరి ఉమ్మడి స్థలమే పెరడు. ఈ విషయాన్ని విస్మరించి ‘పూర్వం ప్రతి ఇంటా పెరటి తోట ఉండేది’ అనడం కలిగినవారి ఇంటినే ఊరిగా చూపడమవుతుంది. మరొక సంగతి: పెరటి పని ప్రధానంగా స్త్రీల పని. విత్తనం ఏరి, బూడిద కలిపి, కుండలోనో ఉట్టి మీదనో దాచిన చేతులు వారివే. ఆ విద్య ఏ శాసనానికీ ఎక్కలేదు.

అడవి: తిండి నుండి రిజర్వు దాకా

నల్లమల చెంచులకు అడవే ఆహార వనం. వారి గూడేలను ‘పెంట’లంటారు. దుంపలు, తేనె, చింత, ఉసిరి, నేరేడు, తునికి, మొర్రి, ఇప్ప వారి తిండిలోనూ సంతకు తెచ్చే సరుకులోనూ భాగాలు. హైమన్‌డార్ఫ్ 1943లో ప్రచురించిన గ్రంథం ప్రధానంగా కృష్ణకు ఉత్తరాన ఉన్న అమ్రాబాద్ పీఠభూమి చెంచుల గురించినదైనా, సేకరణపై ఆధారపడిన ఈ జీవితాన్ని వివరంగా నమోదు చేసింది. అడవి అంచు గ్రామాల రైతులకు కూడా మేత, ఆకు ఎరువు, నాగలి కర్ర, కరువు తిండి అక్కడి నుండే వచ్చేవి.

రాజ్యం అడవిని మరో దృష్టితో చూసింది. ‘ఆముక్తమాల్యద’ చతుర్థాశ్వాసంలోని రాజనీతిలో సరిహద్దుల్లో అడవులను పెంచాలని, దేశం నడుమ ఉన్నవాటిని తొలగించాలని సూచన ఉంది. అదే ప్రకరణంలో చిన్న దేశమైనా చెరువులు, కాలువలు తవ్వించి, పేద సేద్యగానికి పన్ను తగ్గిస్తే సంపద పెరుగుతుందన్న సూచన కూడా ఉంది. సాగునేలకు చెరువు రక్షణ, సరిహద్దుకు అడవి రక్షణ అన్నది ఈ నీతి. ఆ అడవిలో తిండి వెతుక్కునేవారి ప్రయోజనానికి అందులో ప్రత్యేకమైన చోటు కనిపించదు. కాబట్టి అడవికీ ప్రజలకూ మధ్య దూరం వలస పాలనతోనే మొదలైందనడం సరికాదు. వలస పాలన ఆ దూరాన్ని చట్టంగా మార్చింది.

1876–78 నాటి ధాత కరువు మద్రాసు రాజధానిలో లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. ఆ కరువు ముగిసిన నాలుగేళ్లకు, 1882లో, మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవుల్లో మేత, కట్టె, ఫలసేకరణ అన్నీ అనుమతికి లోబడ్డాయి. 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లోనే నల్లమలను దాటుతూ గిద్దలూరు, కంభం, మార్కాపురాల మీదుగా రైలు మార్గం వచ్చింది. ఈ రెండు పరిణామాలను పక్కపక్కన ఉంచి చూడాలి. పంటలు పోయినప్పుడు ప్రజల చివరి ఆధారమైన అడవి, ఆ ఆధారం ఎంత అవసరమో కరువు రుజువు చేసిన వెంటనే కంచె వెనుకకు పోయింది. స్వాతంత్ర్యానంతరం గిరిజన సహకార సంస్థ (1956) ఫలసాయాన్ని కొనే ఏర్పాటు చేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం సేకరణ హక్కును తిరిగి గుర్తించింది. చట్టం ఒకసారి తీసివేసిన హక్కును మరో చట్టం గుర్తించడానికి నూట ఇరవై ఏళ్లు దాటింది.

తోపు నుండి బోరు దాకా

థామస్ మన్రో దత్తమండలాల్లో 1800–1807 మధ్య ప్రధాన కలెక్టరుగా ఉన్నప్పుడు రైత్వారీ పద్ధతికి పునాదులు పడ్డాయి. మాగాణి, మెట్ట, బాగాయతు అని నేలను వర్గీకరించి, ప్రతి కమతాన్ని ఒక పట్టాదారుకు ముడివేశారు. పట్టా లేని నేల ప్రభుత్వ పోరంబోకు, బంజరుల కిందికి వచ్చింది. చెరువు, తోపు, బంచరాయి, శ్మశానం, బాట అన్నీ ఆ పద్దుల్లో చేరాయి. ఊరి ఉమ్మడి అన్న భావన వాడుకలో మిగిలింది, లెక్కల్లో ప్రభుత్వానిదైంది. 1858లో మొదలైన ఇనాం కమిషన్ మాన్యాలను పరిశీలించి స్థిరపరచింది. 1956 నాటి ఆంధ్ర ఇనాముల రద్దు చట్టం వాటిని రైత్వారీ పట్టాలుగా మార్చింది. ఇనాముల రద్దు భూసంబంధాలలో న్యాయం చేయడానికి వచ్చినదే. కాని మాన్యంతోపాటు దానికి ముడిపడిన పని కూడా ఆ క్రమంలో విడిపోయింది. దశబంధం వంటి ఏర్పాటు పోయిన తరువాత చెరువు మరమ్మతు ప్రభుత్వ శాఖల పని అయింది.

ఈ మార్పు ప్రభావం 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో బోరుబావులతో బయటపడింది. చెరువు ఊరంతటికీ కలిసి వచ్చేది, కలిసి ఎండేది. బోరు ఒక్కరిది. పశ్చిమ ప్రకాశంలో బోరునీటి మీద బత్తాయి, మామిడి తోటలు విస్తరించాయి. అవి కూడా చెట్లే, పచ్చగానే ఉంటాయి. కాని ఒకే పంట, ఒకే కాపు, ఒకే సంతపై ఆధారపడిన ఈ తోటకూ పూర్వపు తోపుకూ స్వభావంలో భేదం ఉంది. కరువు ఏడాదుల్లో బోర్లు ఎండితే తోట మొత్తం ఒకేసారి ఎండుతుంది. లోతైన పొరల నుండి తోడిన నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉండడం మార్కాపురం, కనిగిరి ప్రాంతాల ప్రజారోగ్య సమస్యగా మారింది. నీటి కోసం ఎంత లోతుకు పోతే నీరు అంత హానికరమైందన్నది ఈ దశ నేర్పిన పాఠం.

తోపు కేవలం వాడుకమాటగా, కార్తిక వనభోజనం కేవలం ఒక వేడుకగా మిగలడం కూడా ఈ క్రమంలోనిదే. ఉసిరి చెట్టు నీడన ఊరంతా కలిసి తినడం ఒకప్పుడు అందరికీ ప్రవేశమున్న వనం ఉన్నదనడానికి గుర్తు. నేడు చాలాచోట్ల వనభోజనానికి అద్దె తోట వెతకవలసి వస్తోంది. వనం పోయి భోజనం మిగిలింది.

ఆధునిక ఆహార వనం: పస్తాపూర్ నుండి ప్రకాశం దాకా

ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో బిల్ మాలిసన్, డేవిడ్ హోమ్‌గ్రెన్ కలిసి రూపొందించిన భావనలు 1978లో ‘పర్మాకల్చర్ వన్’ గ్రంథంగా వెలువడ్డాయి. జపానులో మసనోబు ఫుకుఓకా అనుభవాలు ‘గడ్డిపరకతో విప్లవం’ పేరుతో తెలుగు పాఠకులకు చేరాయి. ఇంగ్లండులో రాబర్ట్ హార్ట్ ఏడు అంతస్తుల అటవీ తోటను పెంచి చూపాడు. మాలిసన్ 1987లో భారతదేశానికి వచ్చి శిక్షణ ఇచ్చిన తరువాత, జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో తెలుగు నేల మీద ఈ విధానం ప్రయోగానికి వచ్చింది. అక్కడ పనిచేసిన కొప్పుల నర్సన్న, పద్మ దంపతులు 1999లో ‘అరణ్య’ సంస్థను స్థాపించారు. 2017 నవంబరులో 13వ అంతర్జాతీయ పర్మాకల్చర్ సమావేశానికి హైదరాబాదు వేదికైంది.

పస్తాపూర్ అనుభవంలో రెండు విశేషాలున్నాయి. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనికి కేంద్రం దళిత మహిళల సంఘాలు. పెరడు లేనివారు, పేరు ఎక్కనివారు అని పై ప్రకరణాల్లో చెప్పిన వర్గమే ఇక్కడ విత్తనానికీ నిర్ణయానికీ యజమాని అయింది. రెండవది, చేలలో విత్తకుండా మొలిచే ఆకుకూరలను కలుపుగా కాక ఆహారంగా నమోదు చేసి గౌరవించడం. ఈ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఇదే కాలంలో ప్రాచీన శాస్త్రగ్రంథాల పునఃపరిశీలన కూడా సాగింది. సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో సురపాలుని ‘వృక్షాయుర్వేదా’న్ని నళిని సాధలే ఆంగ్లానువాదంతో ప్రచురించింది. అందులోని కుణపజలం నేడు అనేక రైతుల పొలాల్లో తిరిగి వాడుకలోకి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం 2016 నుండి విస్తరించింది. మొదట సుభాష్ పాలేకర్ పద్ధతి దీనికి ఆధారం. ఆయన ప్రతిపాదించిన ఐదంచెల తోట 36 అడుగుల చదరాన్ని ప్రమాణంగా తీసుకొని, పెద్ద చెట్టు నుండి నేల మీద పాకే తీగ వరకు వరుసలను నిర్దేశిస్తుంది. మెట్ట ప్రాంతాలకు సంబంధించి మరింత ముఖ్యమైనది ఋతుపవనాలకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు విత్తే పద్ధతి. నేలను ఏడాదిలో వీలైనన్ని రోజులు పచ్చగా కప్పి ఉంచి, తేమను నిలపడం దీని లక్ష్యం. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా బహుమతి మరి ఇద్దరు గ్రహీతలతో కలిసి లభించింది. మహిళా స్వయం సహాయక సంఘాలు దీనికి వెన్నెముక కావడం, పెరటి తోటలు ఇందులో భాగం కావడం పశ్చిమ ప్రకాశానికి నేరుగా వర్తించే అంశాలు.

తులనాత్మక పరిశీలన

మాలిసన్ పద్ధతిలో భూమిని ఇంటి నుండి దూరాన్ని బట్టి వలయాలుగా విభజిస్తారు. రోజూ చేయి పడే కూరమొక్కలు ఇంటి దగ్గర, అప్పుడప్పుడు చూసే పండ్లచెట్లు కొంత దూరాన, పొలం ఆ పైన, చివరి వలయంలో మనిషి జోక్యం లేని అడవి. తెలుగులోని పెరడు, దొడ్డి, చేను, తోపు, అడవి అన్న వరుస దీనికి దాదాపు సమాంతరం. ఈ పోలికను చూసి ‘అంతా మనకు తెలిసినదే’ అనే నిర్ణయానికి రావడం సులభం. కాని ఒక మౌలికమైన తేడా ఉంది.

మాలిసన్ వలయాలు సాధారణంగా ఒకే భూఖండం మీద, ఒకే రూపకర్త చేతిలో ఉంటాయి. కొమరోలు వంటి ఊరిలో ఈ వలయాలు వేర్వేరు హక్కుదారులవి. పెరడు ఇంటిది, అందులోనూ స్త్రీల శ్రమది. చేను పట్టాదారుది. తోపు ఊరిది, లెక్కల్లో ప్రభుత్వానిది. అడవి రాజ్యానిది, అనుభవంలో చెంచులది. వీటన్నింటినీ కలిపిన సూత్రం నీరు. ఈ హక్కుల మధ్య ఒప్పందం ఉన్నంతకాలం వలయాలు ఒకదానికొకటి అందివచ్చాయి. అడవి ఆకు చేనుకు, చేను గడ్డి దొడ్డికి, దొడ్డి పేడ పెరటికి చేరింది. ఒప్పందం చెడినప్పుడు ప్రతి వలయమూ విడిగా మిగిలి, ఖిలమైంది.

కాబట్టి ఐదంచెల తోటను ఒక కమతంలో నాటడం అవసరమే గాని, అదొక్కటే చాలదు. చెట్ల అంతస్తులను పునరుద్ధరించినంత సులభంగా హక్కుల అంతస్తులను పునరుద్ధరించలేము. చెరువు పూడిక ఎవరు తీయాలి, తోపులో రాలిన పండు ఎవరు ఏరుకోవాలి, కొత్తగా నాటిన ఉమ్మడి వనానికి మూడు వేసవులు నీరు పోసినవారికి ఏమి దక్కాలి అన్న ప్రశ్నలకు జవాబు లేని వనం నాటిన రోజు ఛాయాచిత్రంతోనే ముగుస్తుంది. దశబంధం పాత రూపంలో తిరిగి రానక్కరలేదు. కాని నిలిపే పనికి నిలిచే హక్కును జతచేయాలన్న అందులోని సూత్రం నేటి ఉపాధిహామీ పనులకూ, పంచాయతీ వనాలకూ, సంఘాల తోటలకూ వర్తిస్తుంది.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల కొన్ని నిర్ధారణలకు రావచ్చు. ఆహార వనం ఈ ప్రాంతానికి కొత్తది కాదు, అయితే అది ఇక్కడ ఒక తోటగా కాక పెరడు, తోపు, చెరువు, అడవి అనే నాలుగు వ్యవస్థల కలయికగా ఉండేది. ఆ కలయిక అందరికీ సమానంగా అందలేదు. దాతల పేర్లు నిలిచాయి, మోసినవారి, విత్తినవారి, దాచినవారి పేర్లు నిలవలేదు. దాని పతనానికి వానలేమి ఒక్కటే కారణం కాదు. ఉమ్మడి హక్కులు, వాటికి ముడిపడిన బాధ్యతలు ఒక్కొక్కటిగా విడిపోవడం ప్రధాన కారణం. పస్తాపూర్ వంటి అనుభవాలు విలువైనవి కావడానికి కారణం అవి పాతదాన్ని తిరిగి తేవడం కాదు, పాతదానిలో చోటు దక్కనివారిని కేంద్రంగా చేసుకోవడం.

తెలుగు శాఖల పరిశోధకులకు ఇందులో చేయవలసిన పని ఉంది. కడప, కర్నూలు సీమల కైఫీయతుల్లో చెరువులు, తోపుల ప్రస్తావనలను గ్రామనామాలతో కలిపి పట్టిక చేయవచ్చు. సగిలేరు, గుండ్లకమ్మ లోయల్లోని పెద్దవయసు స్త్రీల నోట మిగిలిన ఆకుకూరల, విత్తనాల, దాచే పద్ధతుల పదజాలాన్ని మాండలిక నిఘంటువుగా సేకరించవచ్చు. ఆ పదాలు ఉన్నంతవరకు వాటితో సూచించే మొక్కను వెతికి పట్టుకోవచ్చు. పదమూ పోతే మొక్క కళ్లెదుట ఉన్నా కలుపుగానే పెరికివేయబడుతుంది.

పెరటి చెట్టు మందుకు రాదన్న సామెతను చెట్టు మీద ఆక్షేపణగా అర్థం చేసుకోవడం వాడుక. నిజానికి అది చూసేవారి దృష్టి మీద ఆక్షేపణ. దూరాన ఉన్నదానిని శాస్త్రమని, దగ్గర ఉన్నదానిని అలవాటని అనుకునే దృష్టి ఒకటి. దగ్గర ఉన్నదంతా గొప్పదేనని పరీక్షించకుండా పొగిడే దృష్టి మరొకటి. ఆ రెండింటినీ విడిచి పెరటి చెట్టును, దానికి నీరు పోసినవారితో సహా చూడగలిగినప్పుడే కొమరోలు వంటి మెట్టసీమలో ఆహార వనం మళ్లీ వేళ్లూనుతుంది.